జాతికి అంకితమైన పిన్ను

పిన్నుల విషయంలో మన రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానంలో ఉందని, ఆ స్థానం తెచ్చిన పిన్నును వచ్చే శుక్రవారం పటాన్‌చెరులో చిన్నతరహా పరిశ్రమల మంత్రి శ్రీ కైలాసం గారు జాతికి అంకితం చేస్తారని 1988 ఆగస్టులో పేపర్లన్నిటిలో ఒక ప్రకటన వచ్చింది. అది ఏ పిన్నో, దేనికి వాడతారో ప్రకటనలో లేదు. చదివినవాళ్లలో కొందరు కాగితాలకు గుచ్చే గుండుసూది అనుకున్నారు, కొందరు కొంగుకు పెట్టుకునే పిన్నీసు అనుకున్నారు. ఏదైతేనేం, మొదటి స్థానం వచ్చింది కదా అని అందరూ సంతోషించారు.

నిజానికి ఆ రోజు మంత్రిగారు ఒక వంతెనను అంకితం చెయ్యాలి. వంతెనకు రెండు చివరలూ సిద్ధంగానే ఉన్నాయి గాని మధ్యభాగం ఇంకా టెండరులో ఉంది. ముహూర్తం మాత్రం పెట్టేశారు. పెట్టిన ముహూర్తాన్ని పాడుచెయ్యడం రాష్ట్రానికి మంచిది కాదని సెక్రటేరియట్ నుంచి అన్ని ఆఫీసులకూ ఫోన్లు వెళ్లాయి. జనహిత ప్లాస్టిక్స్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీ మేనేజింగ్ డైరెక్టరు వెంకటరామయ్య గారు "మా దగ్గర ఒక పిన్ను ఉందండీ" అని మెల్లగా అన్నారు. అంకితానికి పనికొచ్చే వస్తువు జిల్లా మొత్తం మీద అదొక్కటే దొరికింది.

ఆ పిన్ను చేసిన మనిషి సంగప్ప. కంది అనే ఊరి పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. ఐటీఐ పాసై, ఆరేళ్లుగా జనహిత ప్లాస్టిక్స్‌లో దినసరి ఫిట్టరుగా ఉన్నాడు. దినసరి అంటే పొద్దున్నే గేటు ముందు నిలబడాలి. వాచ్‌మన్ పేరు పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే మళ్లీ ఆర్టీసీ బస్సెక్కి ఇంటికి పోవాలి. పెద్ద నాయకుడెవరైనా కాలం చేస్తే పర్మనెంటు వాళ్లు సెలవు తీసుకుని సంతాపం పాటించేవారు, సంగప్ప జీతం పోగొట్టుకుని పాటించేవాడు. అతనికున్న కోరిక ఒక్కటే, పర్మనెంటు కావడం. భార్య నర్సింహమ్మ అందుకోసం మొక్కని దేవుడు లేడు. అన్న పెద్దరాములు మాత్రం, "ఆరేండ్ల సంది గా గేటు కాడనే నిలవడుతున్నవ్. వాచ్‌మన్ నౌకరన్న ఇయ్యమనరాదురా" అని పదిమందిలో ఎగతాళి చేసేవాడు.

ఫ్యాక్టరీలో తయారయ్యేవి మగ్గులు. 'ఇంటింటికీ మగ్గు' పథకం కింద రేషను కార్డున్న ప్రతి ఇంటికీ ఇవ్వడానికి తెల్లటి ప్లాస్టిక్ మగ్గులు. కరిగిన ప్లాస్టిక్ మోల్డులోకి దూసుకొచ్చినప్పుడు లోపలున్న గాలి బయటికి పోయే దారి లేక మగ్గు చెవి దగ్గర ఇరుక్కునేది. అక్కడే ప్లాస్టిక్ మాడి శనగగింజంత నల్లటి మచ్చ పడేది. వందలో ముప్ఫై మగ్గులకు ఆ మచ్చ ఉండేది, మచ్చ ఉన్నచోట పెళుసై చెవి ఊడిపోయేది. మిషను మార్చాలని ఒక నిపుణుడు రిపోర్టు రాశాడు. మోల్డు మార్చాలని ఇంకొకాయన రాశాడు. ఫ్యాక్టరీ గేటును తూర్పుకు మార్చాలని మూడో ఆయన రాశాడు.

సంగప్ప ఇవేవీ మార్చలేదు. తయారైన మగ్గును మోల్డులోంచి బయటికి తోసే ఎజెక్టరు పిన్ను ఒకటి సరిగ్గా ఆ చెవి దగ్గరే ఉంటుంది. అగ్గిపుల్లంత లావుంటుంది. దాన్ని ఒక పక్కన ఆయిల్ స్టోన్ అనే సానరాయి మీద రుద్ది, నిలువునా సన్నటి గీత తీశాడు. వెంట్రుక మందంలో నాలుగోవంతు లోతు. ఆ సందులోంచి గాలి పోతుంది, ప్లాస్టిక్ దూరలేదు. ఆ రోజు నుంచి వందకు వంద మగ్గులూ పాలలా తెల్లగా వచ్చాయి. దీనికి అతనికి రెండు రోజులు పట్టింది.

"భేష్ సంగప్పా! మంత్రిగారి నోటితోనే నిన్ను పర్మనెంటు చేయిస్తాను" అన్నారు వెంకటరామయ్య గారు. ఆ మాట ఇంటికి వెళ్లి చెబితే నర్సింహమ్మ కళ్లు తుడుచుకుంది.

అంకితోత్సవానికి పదకొండు మందితో ఒక కమిటీ వేశారు. మొదటి సమావేశంలో పిన్నును బల్ల మీద పెడితే నలుగురికి కనబడలేదు, ఒకాయన దానితో చెవి గోక్కోబోయాడు. అప్పుడు మండల పార్టీ నాయకుడు యాదన్న లేచి నిలబడ్డాడు. యాదన్నకు ప్లాస్టిక్ గురించి ఏమీ తెలియదు గాని సభల గురించి తెలియనిది లేదు.

"సార్, గిది స్టేజీ మీద పట్టుకుంటె ఎవనికి కనవడ్తది? మంత్రిగారు ఉత్త చేతులు ఊపిండని పేపరోళ్లు రాస్తరు. ఆరడుగుల నమూనా చేపిద్దాం. సంగారెడ్డిల మా ఎరుకైన వడ్లాయన ఉన్నడు, దేవుని రథాలు జేస్తడు."

కమిటీ ఆమోదించింది. వడ్లాయన టేకు కర్రతో ఆరడుగుల పిన్ను చెక్కి, వెండి రంగు వేశాడు. గీత మాత్రం పెట్టలేదు. సర్కారు పనికి ఒక పక్క గీసుకుపోయిన కర్ర ఇస్తే తన పనితనానికే మచ్చ అని, నున్నగా గుండ్రంగా చేశాడు. ట్రాక్టరు మీద సంగారెడ్డి నుంచి తెస్తుంటే దారిలో రెండు చోట్ల ఆడవాళ్లు దానికి నీళ్లారబోసి కుంకుమ పెట్టారు. కమిటీ సభ్యులు చుట్టూ తిరిగి చూసి, బాగుందని సంతకాలు చేశారు. ఫొటో తీసి అయిదు వేల పుస్తకాలు అచ్చు వేయించారు.

అప్పుడు వచ్చింది చిక్కు. వెంకటరామయ్య గారు అసలు పిన్నును భూతద్దంలో చూసి సంగప్పను పిలిపించారు.

"నమూనా గుండ్రంగా ఉంది. నీ పిన్ను మీద గీత ఉంది. ఇదెలాగయ్యా?"

"నమూనా మీద గూడ గీత గీపిస్తె అయిపాయె గద సార్."

"నమూనాను కమిటీ ఆమోదించింది. నీ పిన్నును ఎవరు ఆమోదించారు?"

సంగప్ప ఆలోచించాడు. నిజమే, ఎవరూ ఆమోదించలేదు.

"సార్, గా గీత పోతె గాలి పోదు. గాలి పోకుంటె మల్ల మచ్చ వడ్తది. పిన్నుల ఉన్నదంత గా గీతే సార్" అన్నాడు.

"రేపు మంత్రిగారు చేతిలోకి తీసుకుని, గీసుకుపోయిన పిన్నును నా చేత అంకితం చేయిస్తారా అని అడిగితే నేనేం చెప్పను? నున్నగా చేయించుకు రా."

సంగప్ప ఇంకా నిలబడే ఉన్నాడు. యాదన్న అతని భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్లాడు. "తమ్మీ, నీకు పర్మనెంట్ గావాల్నా, గీత గావాల్నా? ఒకటి జెప్పు. జల్దీ జెప్పు, అవుతల టెంట్‌హౌసోడు నిలవడ్డడు."

సంగప్పకు ఆరేళ్ల గేటు కళ్లముందు మెదిలింది. ఆ గీత కోసం రెండు రోజులు వేళ్లు అరగదీసుకున్నది కూడా గుర్తొచ్చింది. "పర్మనెంటే అన్నా" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. మర్నాడే బాలానగర్ వెళ్లి పిన్నుకు క్రోమ్ పూత పూయించాడు. గీత పూడిపోయాక దాన్ని గుండ్రంగా సాన పట్టింది కూడా తనే. పిన్ను తళతళ మెరిసింది. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ పూట సంగప్పకు అన్నం సయించలేదు.

శుక్రవారం మంత్రిగారు ముహూర్తానికి మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. పురోహితుడు వెంటనే పంచాంగం తిరగేసి, మొదటి ముహూర్తం కంటే ఇదే బలమైనదని కనుక్కున్నాడు. మిషనుకు దండలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు. ఆరడుగుల పిన్నుకు శాలువా కప్పారు. మంత్రిగారు పిన్ను మీద నలభై నిమిషాలు మాట్లాడారు. పిన్ను నిటారుగా ఉంటుందని, పార్టీ కార్యకర్తలు కూడా అలాగే ఉండాలని అన్నప్పుడు వంగి దండాలు పెడుతున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత బటన్ నొక్కారు. మిషను మూలిగింది, మోల్డు తెరుచుకుంది, మెరిసే పిన్ను మగ్గును బయటికి తోసింది. మంత్రిగారు దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పారు. చెవి దగ్గర నల్లటి మచ్చ.

"ఇదేంది?" అన్నారు.

వెంకటరామయ్య గారు కమిటీ వైపు చూశారు. సంగప్ప మాత్రం, పిన్ను పోయింది, పర్మనెంటు కూడా పోయింది అనుకున్నాడు.

"దిష్టి చుక్క సార్!" అని అరిచాడు యాదన్న.

"ఏందీ?"

"దిష్టి చుక్క. చంటిపిల్లకు పెట్టమా సార్? గంత తెల్లటి మగ్గు, నలుగురి కండ్లు వడ్తయి. మిషనే పెట్టి పంపుతది. మన రాష్ట్రంల తప్ప యాడ లేదు."

మంత్రిగారు మచ్చను బొటనవేలితో రుద్ది చూశారు. పోలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఎవలిదయ్యా ఈ తెలివి?" అని అడిగితే వెంకటరామయ్య గారు సంగప్పను ముందుకు తోశారు.

"ఏం తమ్మీ, నువ్వేనా? ఎట్ల తోచింది నీకు?"

సంగప్ప నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. "గాలి... సార్... లోపట గాలి..."

"గాలి సోకొద్దని పెట్టిండు సార్!" అని యాదన్న పూర్తి చేశాడు.

అంతే. మంత్రిగారు మైకు అందుకున్నారు. విదేశాల వాళ్లు మగ్గులు చేశారు గాని మగ్గు క్షేమం గురించి ఎవడూ ఆలోచించలేదన్నారు. ఇకమీదట పథకం కింద ఇచ్చే ప్రతి మగ్గుకూ దిష్టి చుక్క తప్పనిసరి అన్నారు. ఈ మట్టిలో పుట్టిన మేధావి సంగప్పను ఈ క్షణం నుంచే పర్మనెంటు చేస్తున్నామన్నారు. చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. నర్సింహమ్మ ఆడవాళ్ల గుంపులోంచి రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది.

పది రోజుల్లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, చుక్క గురించి. పర్మనెంటు ఫైలు నడుస్తోందన్నారు. సంగప్ప గేటు దగ్గర నిలబడుతూనే ఉన్నాడు, కాకపోతే వాచ్‌మన్ ఇప్పుడు అతని పేరు మొదట పిలిచేవాడు.

ఉత్తర్వుతో ఫ్యాక్టరీలో కొత్త సమస్య మొదలైంది. క్రోమ్ పిన్నుతో వందకు ముప్ఫై మగ్గులకే మచ్చ పడుతోంది. మిగతా డెబ్భై శుభ్రంగా వస్తున్నాయి. వాటిని లోపం ఉన్న సరుకు కింద పక్కన పడేసి, ముక్కలు చేసి మళ్లీ కరిగిస్తున్నారు. "నువ్వే ఏదైనా చెయ్యాలి సంగప్పా, పైనుంచి ఒత్తిడి ఎక్కువగా ఉంది" అన్నారు వెంకటరామయ్య గారు. సంగప్ప పని మొదలుపెట్టాడు. పిన్ను చుట్టూ ఉన్న సందు మూశాడు. మోల్డు అంచుల్లో గాలి తప్పించుకునే దారులన్నీ వెతికి వెతికి మూశాడు. మచ్చ పోగొట్టడానికి రెండు రోజులు పడితే, మచ్చ తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. చివరికి వందలో తొంభై ఎనిమిది మగ్గులకు మచ్చ పడింది. ఇది తేలికైన విద్య కాదు. చూసి పోవడానికి రెండు రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు.

రేషను దుకాణం నుంచి ఒక మగ్గు సంగప్ప ఇంటికి కూడా వచ్చింది. నాలుగో రోజు నర్సింహమ్మ చెవి ఒక చేత్తో, మగ్గు ఇంకో చేత్తో పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమయ్యా, నీ మగ్గు గిట్లైంది. దిష్టి తాకకుండ చుక్క వెట్టిండ్రంటివి?"

సంగప్ప ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "చెవి లేకుంటేంది, నీళ్లయితె పడ్తయి గద" అన్నాడు. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆఫీసు అటెండరు సంగప్పను వెతుక్కుంటూ వచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని ఒక కవరు ఇచ్చాడు. పర్మనెంటు ఆర్డరేమోనని సంగప్ప గబగబా విప్పాడు. అది మెమో. బ్యాచి నంబరు నలభై ఒకటిలో రెండు మగ్గులకు మచ్చ లేకపోవడం తనిఖీలో బయటపడిందని, దీనికి కారణమేమిటో మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలని ఉంది.

ఇంటికి తీసుకెళితే నర్సింహమ్మ కాగితం చూసి గుండెలు బాదుకుంది. "నౌకరి వాయెనా?"

"పిచ్చిదానా, నౌకరి పోతె కాయితం ఎందుకిస్తరు?" అన్నాడు సంగప్ప. అతని మొహం వెలిగిపోతోంది. "ఆరేండ్లల్ల నన్ను ఎన్నిసార్లు వాపస్ తోలిండ్రు, ఒక్కసారన్న కాయితం ఇచ్చిండ్రా? రేపు రాకు అంటుండె, గంతే. మెమో పర్మనెంటోళ్లకే ఇస్తరు. సూడు, పైన శ్రీ సంగప్ప గారికి అని రాసిండ్రు."

నర్సింహమ్మ మెమోను కళ్లకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టింది. వెళ్లి చక్కెర తెచ్చి ఇంత భర్త నోట్లో పోసింది, వాడకట్టంతా పంచింది. కబురు తెలిసి పెద్దరాములు వచ్చాడు, మెమోను అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారి తమ్ముడి పక్కన మంచం మీద కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక సంగప్ప ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా, నిదానంగా జవాబు రాశాడు.

"గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టరు గారికి. అయ్యా, నా నిర్లక్ష్యము వలన రెండు మగ్గులు మంచిగా వచ్చిన మాట వాస్తవము. ఇకమీదట ఒక్కటి కూడా మంచిగా రానివ్వనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను."