‘ఓమ్’ అన్న మాటకు చల్లారిన ఫో

ఆ ఆదివారం పొద్దున థామ్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. హనోయి నుంచి వచ్చిన కాబోయే వియ్యంకుడు ఖియెమ్ గారికి ఒక గిన్నెడు ఫో, అదే నూడుల్స్ సూపు, పెట్టడం, ఆయన తృప్తిగా తిన్నాక కూతురు థూయ్ పెళ్ళికి ముహూర్తం అడగడం. హనోయి వాళ్ళు ఫోలో ఆకులు చూస్తే మొహం చిట్లిస్తారని ఎవరో ఆవిడ చెవిన వేశారు. దాంతో సైగాన్‌లో పుట్టి, ఆకులు గుమ్మరించిన ఫో తింటూ పెరిగిన ఆ ఇల్లాలు, ప్రాణం ఉసూరుమంటున్నా, తులసాకులు, పెసర మొలకలు, నల్ల సాసు అన్నీ వంటింట్లో దాచేశారు. సూపు, బియ్యపు నూడుల్స్, మాంసం, పైన నాలుగు ఉల్లికాడలు. అంతే.

ఖియెమ్ గారూ తక్కువేం తినలేదు. మొలకలంటే ఆయనకు ఒళ్ళుమంట. అయినా రెండేళ్ళుగా సైగాన్‌లోనే ఉంటున్న కొడుకు క్వేత్ దారిపొడుగునా పోరుపెట్టడంతో, వియ్యపురాలి మర్యాద కోసం గడ్డి పెట్టినా తింటానని ఒట్టేసుకుని వచ్చారు. పిల్లలిద్దరూ వాకిట్లో మోటార్ సైకిల్ తుడుస్తున్నారు. ఆయన బల్లంతా వెతికారు.

“ఆకులేవమ్మా?”

“మీకెందుకండీ అవి! మీకని ప్రత్యేకంగా చప్పగా చేశా. అయ్యో, ఎంత ఓమ్‌గా ఉన్నారు అన్నయ్యగారూ!”

‘ఓమ్’ వినడానికి మంత్రంలా ఉంటుంది గానీ మహా చెడ్డ మాట. సైగాన్‌లో దానికి అర్థం బక్కపలచన. హనోయిలో జబ్బు. ఒకే దేశం, ఒకే భాష, ఏం లాభం! ఖియెమ్ గారికి ఎదురుగా ఉన్న గిన్నె పథ్యంలా కనబడింది.

“నేను ఓమ్ అని ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? చూస్తే తెలీట్లా? మీ అబ్బాయీ అంతేగా. వంశంలోనే ఉందేమో!”

“వంశంలోనా?”

“బెంగపడకండి, పెళ్ళి కానివ్వండి, నెల తిరక్కుండా నేను బాగుచేస్తా. మా ఆయనా మొదట్లో ఓమే. మూడు పూటలా దగ్గరుండి తినిపించా. ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకు లేపాలి!”

ఖియెమ్ గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. “ఒరే క్వేత్! పదరా! మనది రోగాల వంశమట. ఈ సంబంధం మనకొద్దు!”

పిల్లలు పరుగెత్తుకొచ్చారు. “ఇక్కడ ఓమ్ అంటే సన్నగా ఉన్నారని, నాన్నా!” అని క్వేత్ అరిచాడు. “అక్కడ జబ్బని, అమ్మా!” అని థూయ్ తల పట్టుకుంది.

“నా నోట్లో మన్నుపడ!” అంటూ థామ్ గారు వంటింట్లోకి పరిగెత్తి దాచినవన్నీ తెచ్చారు. సిగ్గుతో ఖియెమ్ గారు గుప్పెడు మొలకలు వేసుకుని, పైన నల్ల సాసు పోసుకుని, కళ్ళు మూసుకుని మింగారు. సిగ్గుతోనే ఆవిడ చప్పటి ఫో తాగారు.

“బ్రహ్మాండంగా ఉందమ్మా.”

“మీ పద్ధతే బావుంది అన్నయ్యగారూ.”

ఇద్దరూ పచ్చి అబద్ధమే ఆడారు, కానీ మర్యాదగా ఆడారు. ఆ ఊపులోనే పదో నెలలో పెళ్ళి అనుకున్నారు. ఆ సంతోషంలో క్వేత్ ఒక గిన్నె లాక్కుని చప్పటి సూపు జుర్రాడు.

“అబ్బ! ఎన్నాళ్ళకు అసలైన ఫో తిన్నా!”

థూయ్ చెంచా కింద పెట్టింది. “అసలైనదా? మరి రెండేళ్ళుగా మా అమ్మ పెడుతున్నదేంటి?”

“అదీ బావుంటుంది థూయ్... ఆ ఆకులన్నీ ఏరేస్తే.”

పెళ్ళికి ముహూర్తం కుదిరింది. వధూవరుల మధ్య మాటలే ఇంకా కుదరలేదు.