ఏడింటి ప్రశ్న

రోజూ పొద్దున ఆరింటికి సైదులు నోరు తనంతట తానే తెరుచుకుని "మీ బోరు ఎండిందా?" అని అడిగేది. జిల్లాలోని ప్రతి బోరుబావి దగ్గరా, మోటారు స్టార్టరు డబ్బాలోంచి, ఆ క్షణానే అదే గొంతు వినబడేది. డబ్బా పక్కన నిలబడ్డ రైతు జవాబు చెప్పేవాడు. జవాబు నేరుగా పైకి పోయి క్లౌడులో ఒక పట్టికలో పడేది. అడిగినవాడి చెవికి మాత్రం అది చేరదు. చేరాలని నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఇందులో వింతేమీ లేదు. బోర్ల లెక్కల కార్యాలయంలో ఒకప్పుడు మనుషులు ఉండేవారు. వాళ్లు బండ్లమీద ఊళ్లు తిరిగి, బోరు బోరు దగ్గరా ఆగి, రైతు ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఇదే ప్రశ్న అడిగి వచ్చేవారు. వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు, ఆ ఖాళీలు అట్లాగే ఉండిపోయాయి. అప్పుడు క్లౌడు వచ్చింది. ఏ ప్రశ్న అడగాలో రాయాలి, ఏ వేళకు అడగాలో పెట్టాలి, ఎవరి పేరు మీద అడగాలో చూపించాలి. మిగతాదంతా అదే చూసుకుంటుంది. పేరు ఇచ్చినవాడి గొంతు వాడుకుంటుంది, అంతే.

పేరు దగ్గరే పని ఆగింది. సూపరింటెండెంటుకు షుగరు. సీనియర్ అసిస్టెంటుకు రిటైర్మెంటు దగ్గర పడింది. టైపిస్టు వాళ్ల ఆయన ఒప్పుకోలేదు. చివరికి అందరి కళ్లూ కాంట్రాక్టు మీద పనిచేసే సైదులు మీద పడ్డాయి. వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు సైదులు. గొర్లు కాసిన తండ్రి అతనికి ఇచ్చిన ఆస్తి ఒక్క మాట: "సర్కారోళ్లు ఏ కాయితం ఇచ్చినా ఒక్క గడి గూడ ఖాళీ ఇడువకు బిడ్డా." పేరు అన్న గడి ఖాళీగా కనబడుతుంటే సైదులు చేయి ఊరుకోలేదు. తన పేరు నింపాడు.

మొదట్లో ఇంట్లో అదొక నవ్వులాట. సైదులు నిద్రలో ఉండగానే ఆరయ్యేది, నోరు తెరుచుకునేది. పక్కన పడుకున్న భార్య మల్లీశ్వరి దుప్పటి మొహం మీదికి లాక్కుని, "మనింట్ల బోరు లేదు, పండుకో," అనేది. ఒక్కోసారి పళ్లు తోముకుంటుండగా వేళయ్యేది. నురగతోనే అడిగేవాడు. జిల్లా అంతటా రైతులు ఆ రోజు నురగ గొంతు విని జవాబు చెప్పేవారు.

పనిచేసే మనిషి దొరికాక పని ఊరుకోదు. పక్క సెక్షన్ల వాళ్లూ వచ్చి తమ ప్రశ్నలు సైదులు పేరు మీదే పెట్టించుకున్నారు. యూరియా అందిందా, గొర్రెలు బాగున్నాయా, కొత్త పథకంతో సంతోషంగా ఉన్నారా. ఒక పేరు మీద రోజుకు ఇన్ని ప్రశ్నలేనని క్లౌడుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దులో మనిషి సొంతంగా అడిగేవి కూడా లెక్కకొస్తాయి. వేసవి వచ్చేసరికి సైదులు వాటా నిండిపోయింది. ఆ రోజు హోటల్లో "టీ ఉందా?" అని అడగబోతే నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. "టీ కావాలె," అన్నాడు. అది వచ్చింది. అప్పట్నించి చెప్పడమే తప్ప అడగడం లేదు. కొలువు దొరకంగనే పోరనికి పొగరెక్కిందని హోటలాయన అందరితోనూ అన్నాడు.

బయటివాళ్ల మాటకేం గాని, మల్లీశ్వరి ఒక సాయంత్రం సంచి సర్దుకుని గడప దగ్గర నిలబడింది.

"మా నాయిన బోరు ఎండి నెల దాటింది," అంది. "రోజు పొద్దుగాల స్టార్టరు డబ్బా కాడ నిలవడ్తుండు. నీ గొంతు ఇనవడ్తది. ఎండింది అల్లుడా, ఎండింది బిడ్డా అని చెప్తుండు. నువ్వు ఉలకవు, పలకవు. తెల్లారి మళ్ల అడుగుతవు, మీ బోరు ఎండిందా అని. ముసలాయన్ని ఎక్కిరిస్తున్నవా ఏంది?"

"నాకు తెల్వది," అన్నాడు సైదులు.

"జిల్లా మొత్తాన్ని అడిగేటోనివి. మామా, ఎట్లున్నవ్ అని ఫోన్ల ఒక్క మాట అడిగితే ఏం పోయింది?"

ఏం పోయిందో వివరంగా చెప్పవచ్చు. క్లౌడు హద్దు గురించి చెప్పవచ్చు. అతను చెప్పాడు కూడా. అంతా విని మల్లీశ్వరి, "అయితే అందరికి పంచంగ నాకు మిగల్లేదన్నట్టు," అని బస్సెక్కింది.

ఆదివారం సైదులు అత్తగారింటికి పోయాడు. మామ ముత్తిలింగం అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఎండిన బోరు గురించి అడగాలి. అడగడం రాదు కాబట్టి, "మామా, బోరు ఎండింది," అన్నాడు.

ముత్తిలింగం అతని మొహంలోకి చూశాడు. "నాకే చెప్పవడ్తివా అల్లుడా? నెల సంది నేను నీకు చెప్తుంటి. ఇయ్యాల నువ్వు నాకు చెప్తున్నవు. మంచిదే. కబురు తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది."

లోపల మల్లీశ్వరి బియ్యం చెరుగుతోంది. ఆమెతో "నువ్వు ఇంటికొస్తవు," అన్నాడు. రమ్మని అడగడం అతని ఉద్దేశం. పోలీసు మాటలాగా వచ్చింది.

"వస్తనని ఎవలు చెప్పిన్రు?" అని ఆమె చేట దులిపింది.

సోమవారం అతను ఆఫీసులో క్లౌడు పని చూసే ఇంజనీరు విజయసారథి ముందు నిలబడ్డాడు. "సార్, నాకొక ప్రశ్న కావాలె."

"ఏం ప్రశ్న?"

"ఇంటిది సార్."

"ఇంటిదా ఆఫీసుదా అని క్లౌడు చూడదయ్యా." విజయసారథి మంచివాడే. జాబితా చూశాడు. గొర్రెల సెక్షను మధ్యలో మూతపడింది, ప్రశ్న మాత్రం నడుస్తోంది. దాన్ని తీసేసి ఆ చోటు సైదులుకు ఇచ్చాడు. "కాని ఒక్కటి. ఎప్పుడంటే అప్పుడు నోటికొచ్చింది అడుగుడు బంద్. షెడ్యూలు పెట్టాలె. రోజువారీ."

సైదులు కూర్చుని శ్రద్ధగా నింపాడు. ఎవరిని: మల్లీశ్వరి. ఏమని: ఇంటికొస్తవా? ఏ వేళకు: సాయంత్రం ఏడు. ఆఖరున ముగింపు తేదీ అన్న గడి ఉంది. దాని దగ్గర చేయి ఆగింది. భార్యను ఇంటికి రమ్మనే మాటకు గడువు పెట్టడం అశుభం అనిపించింది. తండ్రి మాట తప్పి, జీవితంలో మొదటిసారి, ఒక గడి ఖాళీగా వదిలాడు. ఖాళీగా వదిలితే ఎప్పటికీ అని అర్థం. అది అతనికి తెలుసు. ఎప్పటికీ అంటే మంచిదే కదా అనుకున్నాడు.

ఏడింటికి నోరు తెరుచుకుని అడిగింది. ఫోనులో ఆకుపచ్చ టిక్కు పడింది. సఫలం. అంటే ప్రశ్న పోయింది, జవాబు వచ్చింది, పట్టికలో చేరింది. పట్టిక చూసే అధికారం రాష్ట్ర కార్యాలయంలో ఒకరికి ఉంటుంది. ఆ ఒకరి పోస్టు ఖాళీగా ఉంది. రెండో రోజూ సఫలం. మూడో రోజూ సఫలం.

నాలుగో రోజు మల్లీశ్వరే బస్సు దిగి, చంకలో సంచితో వచ్చింది.

"మొదటి దినమే వస్తనన్న గదా," అంది. "స్విచ్చుబోర్డుల నుంచి అడుగుతివి, స్విచ్చుబోర్డుకే చెప్తి. వస్త, వచ్చి తోల్కపో అని. మా అమ్మ ఒక్కటే నవ్వుడు. నువ్వు రాకపోతివి. మల్ల తెల్లారి అదే అడుగుడు."

"నాకు ఇనవడలే," అన్నాడు సైదులు.

"ఇననోనివి మరెందుకు అడిగినవ్?"

సైదులు పీటలు వేశాడు. ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. ఏడయ్యింది. సైదులు నోరు తెరుచుకుని, చారు గిన్నె అందిస్తున్న మనిషిని "ఇంటికొస్తవా?" అని అడిగింది. మల్లీశ్వరి పగలబడి నవ్వింది. ఆమె పెదవులు ఏదో అన్నాయి. వచ్చిన గదయ్యా అని ఉండవచ్చు. మాట గాలిలోనే పైకి పోయింది. టిక్కు పడింది.

కొన్నాళ్లకు ఆమె నవ్వడం మానేసింది. జవాబు మాత్రం రోజూ చెప్పేది. ఒకరోజు పొడుగ్గా చెప్పేది, చేతులు తిప్పుతూ, మధ్యలో కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. ఒకరోజు రెండు ముక్కల్లో ముగించేది. ఏం చెప్పిందో అడగడానికి సైదులుకు ప్రశ్న మిగల్లేదు. "నువ్వేదో చెప్పినవ్," అనేవాడు.

"చెప్పిన," అనేది ఆమె. అతను అడగకుండా తనంతట తాను మళ్లీ చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. "ఆ యూరియాదో సంతోషానిదో ఒకటి తీపిచ్చి, ఏమన్నవే అని నన్నొక్కసారి అడగరాదు?"

సైదులు మళ్లీ విజయసారథి దగ్గరికి పోయాడు. ఏడింటి ప్రశ్నన్నా ఆపమని, లేదా ఇంకొకటి ఇప్పించమని చెప్పుకున్నాడు. విజయసారథి తెర వైపు చూపించాడు. "జిల్లాల రోజు తప్పకుండ సఫలమయ్యేది నీదొక్కటేనయ్యా. దీన్ని ఆపుతమంటే మీదోళ్లు నన్ను ఆపుతరు. ఇంకొకటంటవా, వచ్చే ఆర్థిక సంవత్సరంల చూద్దాం."

ఆయన మాటలో అబద్ధం లేదు. బోర్ల ప్రశ్నకు జవాబులు పడిపోతున్నాయి. బోరు ఎండిన రైతు కొన్నాళ్లు చెప్పి చూసి, తర్వాత స్టార్టరు డబ్బా దగ్గరికి రావడం మానేస్తాడు. ముత్తిలింగం మోటారు అమ్మేసి, పట్నంలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఎండిందని చెప్పేవాళ్లు తగ్గేకొద్దీ పట్టికలో ఎండిన బోర్లు తగ్గుతూ వచ్చాయి. ఆ సంవత్సరం నీటి పరిస్థితి మెరుగుపడిందని నివేదిక వెళ్లింది. కార్యాలయానికి మెచ్చుకోలు పత్రం వచ్చింది.

మెచ్చుకోలుతో పాటు, సైదులు పద్ధతి ఉద్యోగులందరూ పాటించాలని ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో అడగాల్సినవి షెడ్యూలు పెట్టుకుంటే పనివేళలు మిగులుతాయని అందులో ఉంది. ఎవరూ ఇబ్బంది పడలేదు. సూపరింటెండెంటు తల్లికి "మందులేసుకున్నవా?" పెట్టాడు. టైపిస్టు పిల్లలకు "సదువుకున్నరా?" పెట్టింది. ముగింపు తేదీ గడి ఎవరూ నింపలేదు. మొదలుపెట్టినవాడు నింపలేదు కాబట్టి.

ఒక సాయంత్రం ఏడింటికి సైదులు నోరు అడిగినప్పుడు, మల్లీశ్వరి పెదవులు ఎప్పుడూ లేని ఆకారంలో కదిలాయి. చాలా చిన్న మాట. టిక్కు పడింది.

"నువ్వేదో చెప్పినవ్," అన్నాడు సైదులు.

ఏమన్నవే అని అడుగుతాడేమోనని ఆమె చూసింది. "చెప్పిన," అంది.

మర్నాడు అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం మూత పెట్టి ఉంది. చిలక్కొయ్యకు సంచి లేదు. సైదులు చొక్కా మార్చుకుని, కాళ్లు కడుక్కుని, పీట వేసుకుని కూర్చున్నాడు. ఏడయ్యింది. అతని నోరు గోడకేసి "ఇంటికొస్తవా?" అని అడిగింది. పక్కింట్లోంచి "మందులేసుకున్నవా?" అని వినబడింది. ఎదురింట్లోంచి "సదువుకున్నరా?" అని వినబడింది. ఉద్యోగులుండే ఆ వీధి పొడుగునా ఇంటింటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగారు. తర్వాత వీధంతా నిశ్శబ్దమైంది. అది జవాబులు పోయే వేళ.

ఫోనులో ఆకుపచ్చ టిక్కు పడింది. ఆమె ఎక్కడో ఒకచోట ఉంది, విన్నది, ఏదో చెప్పింది. లేకపోతే ఎర్రది పడేది. సైదులు దాన్ని మరోసారి చూసుకుని, మూత తీసి అన్నం వడ్డించుకున్నాడు.