418 చివరి పొగ

ఆరిన్ వాండర్‌మార్క్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పది గంటలకు మ్యూజియం నుంచి ప్రెంటిస్ గారు వచ్చి 418 నంబరు రైలింజన్ని చూస్తారు. నచ్చితే తీసుకెళ్తారు, నచ్చకపోతే శుక్రవారం దాన్ని పాత ఇనుము కింద కోసేస్తారు. డెబ్బై ఏళ్ల ఆ డీజిల్ ఇంజనుతో ఆరిన్ ముప్పై ఎనిమిదేళ్లు మొక్కజొన్న, ఉప్పు వ్యాగన్లు లాగాడు. భార్య దగ్గు గుర్తుపట్టలేడేమో గానీ దాని దగ్గు నిద్రలో కూడా గుర్తుపడతాడు.

రెండు నెలలు మూలనపడ్డ ఇంజను లేవగానే ఊరు నల్లబడేంత పొగ కక్కుతుంది. పెద్దమనిషి ముందు ఆ పరువుతక్కువ పని ఎందుకని, ఎనిమిదిన్నరకే స్టార్ట్ చేసి పొగంతా ముందే కక్కించేద్దామనుకున్నాడు.

418 కక్కింది. దాణా మిల్లు, చర్చి శిఖరం రెండూ కనబడకుండా పోయాయి. పొగగొట్టంలోంచి మూరెడు మంట కూడా లేచింది. పాతకాపులెవరూ తలెత్తి చూడలేదు. పట్టాలకెదురుగా కొత్తగా ఇల్లు కొనుక్కున్న న్యూయార్క్ ఆవిడ మాత్రం ఫోనందుకుంది.

ఆ ఊళ్లో ఫైరింజను నడిపేది జీతంలేని ఊరివాళ్లే. వాళ్లకు చీఫ్ ఆరినే. మంటలొస్తే కబురందించే అతని పేజర్ మాత్రం ట్రక్కులో, శాండ్‌విచ్ డబ్బా పక్కన, మోగి మోగి ఊరుకుంది. నిరుడు చీజ్ ఫ్యాక్టరీ తగలబడుతుంటే కుర్రాళ్లు చర్చలు పెట్టుకున్నారని, "నీళ్లు ముందు, ప్రశ్నలు తర్వాత" అని స్టేషను గోడ మీద ఎర్రక్షరాలతో రాయించింది కూడా అతనే.

ఇంజను హోరులో అతనికి సైరన్ వినబడలేదు. నీళ్ల గొట్టం పట్టుకుని నిచ్చెనెక్కుతున్న బావమరిది థాడ్ కిటికీలో కనబడేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒరే థాడ్, ఆగరా! అది ప్రమాదం కాదు, దాని అలవాటు!"

"నువ్వు దిగు బావా! పొగ పీల్చి ఏదేదో వాగుతున్నావ్!"

"అసలేమైందో నన్ను అడగరా ముందు!"

"ప్రశ్నలు తర్వాత బావా! నువ్వు రాయించిందేగా!"

నీళ్లు నేరుగా పొగగొట్టంలోకి దిగాయి. 418 రెండుసార్లు దగ్గింది. లోపలేదో విరిగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆరిన్‌కి నిజంగా ఏడుపొచ్చింది.

విషయం అర్థమైన థాడ్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "బావా... నేను..."

"నిన్నని ఏం లాభం లేరా. నా రాత నేనే గోడకెక్కించుకున్నాను."

పదింటికి ప్రెంటిస్ వచ్చాడు. నీళ్లోడుతూ నిలబడ్డ ఆరిన్ తల దించుకుని చెప్పాడు. "మిమ్మల్ని అనవసరంగా రప్పించాను సార్. ఇది ఇక నడవదు."

"నడవదా? ఖాయమేనా?" ప్రెంటిస్ మొహం వెలిగిపోయింది. "నడిచేదైతే వద్దని చెప్పిపోదామనే వచ్చానండీ! పిల్లలెక్కి ఆడుకునేందుకు గేటు దగ్గర పెడతాం. ప్రాణమున్న ఇంజనైతే ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరు."

"చూశావా బావా," అన్నాడు థాడ్, హెల్మెట్ మళ్లీ పెట్టుకుంటూ, "నేనే బతికించాను!"

కోతకు పోకుండా మిగిలిందని సంతోషించాలో, ఆ దగ్గు ఇక వినబడదని ఏడవాలో ఆరిన్‌కిప్పటికీ తేలలేదు. శనివారం శనివారం వెళ్లి పాత సీట్లో కాసేపు కూర్చుని వస్తాడు.

సరిగ్గా ఆ సీటుకెదురుగా మ్యూజియంవాళ్లు ఒక బోర్డు తగిలించారు: ఇచ్చట పొగ త్రాగరాదు.