వేలాడే వంతెన దగ్గర నలభై ఒక్క మరణాలు

"వీడియో గేము మానవజాతికి పట్టిన ఆఖరి తెగులు! దాన్ని ఈ కార్యాలయంలోంచి వేళ్లతో సహా పెకలించేదాకా నాకు కంటిమీద కునుకుండదు!"

పురపాలక కార్యాలయం సమావేశ మందిరంలో కమిషనరు గారు బల్ల గుద్ది ఈ ప్రతిజ్ఞ చేసినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టినవాడూ, అందరికంటే ఆఖర్న ఆపినవాడూ జనన మరణాల విభాగం గుమాస్తా. అతని చొక్కా జేబులో ఫోను ఇంకా వేడిగానే ఉంది. అందులో 'కంకాళ కోట' అనే గేము, సరిగ్గా ఒక అస్థిపంజరం కత్తి ఎత్తిన చోట ఆగి ఉంది.

సభ ముగిసిన పది నిమిషాల్లో సర్క్యులరు వచ్చేసింది. ఆ కార్యాలయంలో అంత వేగంగా కదిలిన కాగితం అంతకుముందు లేదు. "ఇందుమూలంగా సమస్త సిబ్బందికీ తెలియజేయడమేమనగా, పని వేళల్లో గానీ, విరామ వేళల్లో గానీ, కార్యాలయ ఆవరణలో వీడియో గేము ఆడుతూ పట్టుబడినవారు తక్షణం కుక్కలు పట్టే విభాగానికి బదిలీ చేయబడుదురు."

మన గుమాస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. అందరూ 'రిజిస్టరు' అని పిలుచుకునే ఈ మనిషికి కుక్కలంటే ప్రాణం మీదికొచ్చే భయం. వీధి మొగలో కుక్కపిల్ల ఆవులిస్తే చాలు, ఇతను సందు మార్చేస్తాడు. అలాంటివాడి చేతికి వల ఇచ్చి బండెక్కిస్తే ఎవరు ఎవర్ని పడతారో చెప్పనక్కర్లేదు.

అయినా గేము మానాడా? మానలేదు. మానడం చేతనైతే మొదట్లోనే మానేవాడు.

గేముల మీద రిజిస్టరుకి గట్టి అభిప్రాయాలున్నాయి. అడిగినవాళ్లు లేక ఎవరికీ చెప్పలేదు గానీ, మనసులో రోజూ ఉపన్యాసాలిచ్చేవాడు. మొదటిది, గేము తెరవగానే వచ్చే కథ. ఒక ముసలాయన గడ్డం నిమురుకుంటూ రాజ్యం గురించీ శాపం గురించీ పావుగంట చెబుతాడు. దాటేద్దామంటే మీట ఉండదు. పొద్దున్నుంచీ అధికారుల మాటలు విన్నవాడికి ఆటలోనూ ఉపోద్ఘాతమా! రెండోది అప్‌డేటు. టీ విరామం పదిహేను నిమిషాలు. అలా తలుపు చాటుకెళ్లి ఫోను తీయగానే 'కొత్త రూపు సిద్ధమవుతోంది, దయచేసి వేచి ఉండండి' అని వస్తుంది. విరామం అయిపోయేసరికి నూటికి తొంభై ఎనిమిది దగ్గర నిలబడి ఉంటుంది. తీరా ఆ కొత్త రూపులో ఏముందయ్యా అంటే, కత్తి పిడికి రంగు మార్చారు! ఇక ఆటలో మనం కాపాడుకుంటూ తీసుకెళ్లాల్సిన మంత్రి గారున్నారు చూశారూ, ఆయన మంట ఎక్కడ కనిపిస్తే అక్కడికే నడుస్తాడు. ఇది ఒక్కటి మాత్రం సహజంగా ఉందని రిజిస్టరు ఒప్పుకునేవాడు.

వీటన్నిటికంటే అతన్ని కలచివేసింది వేరే ఉంది. గేములో మనిషి చస్తే తెర మీద 'మళ్లీ ప్రయత్నించండి' అని మాత్రమే వస్తుంది. ఎందుకు చచ్చాడో చెప్పదు! ఇరవై రెండేళ్లుగా మరణ కారణం రాయందే ఒక్క చావునూ ఆమోదించని మనిషికి ఇది ఎంత అవమానం! పోయినవాడికి ఆ మాత్రం మర్యాద దక్కొద్దూ?

అందుకని రిజిస్టరు తనే పూనుకున్నాడు. కార్యాలయంలో మిగిలిపోయిన మరణాల ఫారాలు తెచ్చుకుని, కంకాళ కోటలో తను చచ్చిన ప్రతిసారీ పద్ధతిగా గడులు నింపసాగాడు. మృతుని పేరు: మృత్యుంజయుడు. అది గేములో అతను పెట్టుకున్న పేరు. వృత్తి: యోధుడు. స్థలం: కోట వెనక వేలాడే వంతెన. సమయం సెకన్లతో సహా రాసేవాడు. కారణం గడిలో 'గబ్బిలం', 'తొందర', 'హెడ్ గుమాస్తా దగ్గడం వల్ల ఉలికిపాటు' వగైరా. ఎక్కువసార్లు మాత్రం 'పలక విరిగింది, ఏ పలకో తెలియదు' అని ఉండేది. ఆ వంతెన దగ్గర ఒక్క వారంలో నలభై ఒక్కసార్లు పోయాడు. పేరు గడిలో మొదటిసారి పేరు రాసి, కింద నలభైసార్లు 'పైవాడే' అని పెట్టాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను తొక్కుతూ కేకేసేది. "ఏవండీ, చచ్చారా, బతికున్నారా?"

"ఇప్పుడే పోయానే!"

"అయితే లేచి కూరగాయలు తెండి. మళ్లీ వచ్చి పోదురు గానీ."

అలా సుఖంగా చచ్చి బతుకుతూ ఉండగా ఒక సోమవారం సాయంత్రం కొంప మునిగింది. ఇంటికొచ్చి రిజిస్టరు సంచీ విప్పాడు. ఆ ఉదయం పైఅధికారులకు పంపించాల్సిన వారం మరణాల నివేదిక, గులాబీరంగు దారం కట్టి, భద్రంగా సంచీలోనే ఉంది! మరి పంపిందేమిటి? అదే ఫారాలు, అదే దారం, అదే చేతిరాత. నలభై ఒక్కసార్లు పోయిన మృత్యుంజయుడు కాస్తా ప్రభుత్వ దస్త్రంలోకి ఎక్కేశాడు.

"అయిపోయిందే! నా పని అయిపోయింది!" అంటూ నేల మీద కూలబడ్డాడు.

భార్య మిషను ఆపలేదు. "ఈసారి గబ్బిలమా, పలకా?"

"కుక్కలే! కుక్కల బండి!" అని సంగతంతా చెప్పాడు.

ఆవిడ నోట్లోని సూది తీసింది. "ఎందుకండీ అంత కంగారు? మీ ఆఫీసులో ఎవరైనా ఏదైనా చదివి సంతకం పెట్టగా ఎప్పుడైనా చూశారా? పొద్దున్నే వెళ్లి కట్ట మార్చుకురండి."

మర్నాడు తలుపులు తీయకముందే రిజిస్టరు గుమ్మంలో ఉన్నాడు. ముందు హెడ్ గుమాస్తా బల్ల దగ్గరికెళ్లాడు. బల్లల కింద వంగి వంగి గేములాడేవాళ్లను పట్టుకునే పని కమిషనరు గారు ఈయనకే అప్పజెప్పారు.

"సార్, నిన్నటి కట్టలో చిన్న పొరపాటు జరిగిందండీ. మార్చి ఇస్తాను."

"పొరపాటా?" హెడ్ గుమాస్తా కళ్లజోడు పైకి తోశాడు. "అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టానయ్యా! నా సంతకం పడ్డాక పొరపాటెక్కడుంటుంది?"

"ఒక్కసారి చూపిస్తే..."

"నా దగ్గరెందుకుంటుంది? నలభై ఒక్క చావులు, వంతెన అని కనిపించింది, ఇంజనీరు గారికి పంపాను. మంచి పని చేశావు, వివరంగా రాశావు."

రిజిస్టరు రెండేసి మెట్లు దూకుతూ పైఅంతస్తుకి పరుగెత్తాడు. ఇంజనీరు గారు టీ తాగుతున్నారు.

"సార్, ఆ వంతెన సంగతి..."

"నాకు చెబుతావేమిటయ్యా! నిన్న మధ్యాహ్నం స్వయంగా వెళ్లి చూసొచ్చాను. ఎండలో రెండు గంటలు నిలబడ్డాను!"

"ఎక్కడుంది సార్ అది?"

"ఎక్కడుంటుంది? ఉండాల్సిన చోటే ఉంది! స్తంభాలు ఉక్కులా ఉన్నాయి. పోయిన ఏడే బాగు చేయించాను. అదే రాసి ఆరోగ్యశాఖకి పంపేశాను."

వేలాడే వంతెనకి స్తంభాలా అని అడగబోయి, తమాయించుకుని, రిజిస్టరు ఆరోగ్యశాఖకి పరుగెత్తాడు. అక్కడి డాక్టరు గారు 'సదరు ప్రాంతమంతా దోమల మందు చల్లించితిమి. మృతుని కుటుంబమును పరామర్శించితిమి' అని రాసి, దస్త్రాన్ని అరగంట కిందటే పైకి పంపేశారు. ఆ పైన ఇంకెవరూ లేరు. కమిషనరు గారే.

"రిజిస్టరూ!" వరండా చివరి నుంచి హెడ్ గుమాస్తా గొంతు. "కమిషనరు గారు పిలుస్తున్నారు. వెంటనే రమ్మన్నారు!"

ఆ వరండా పొడవు ముప్ఫై అడుగులు. అంత దూరమూ అతనికి మొరుగుళ్లే వినిపించాయి. గదిలోకి అడుగుపెట్టగానే కమిషనరు గారు హెడ్ గుమాస్తాని బయట ఉండమని, తలుపు వేయించారు. బల్ల మీద దస్త్రం తెరిచి ఉంది.

"నలభై ఒక్క చావులు! ఒక్క వంతెన! ఒక్క వారం! ఎవరయ్యా ఈ మృత్యుంజయుడు?"

రిజిస్టరు చూపు ఎక్కడ పెట్టాలో తెలియక దస్త్రం మీద పెట్టాడు. ఇరవై రెండేళ్లు కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి, తలకిందులుగా ఉన్న రాతని చదవడం అతనికి మంచినీళ్ల ప్రాయం. ఫారం అంచున ఆకుపచ్చ సిరాతో కమిషనరు గారి చేతిరాత కనిపించింది. మిగతా అధికారులకి అలవాటైన 'చూశాను' కాదది. 'కారణం తెలియదు' అన్న చోట గీత కొట్టి, పక్కన దిద్దారు: 'మూడో పలక. దానిపై నిలవరాదు. విరుగును.'

రిజిస్టరు భయం సంగతి మరిచిపోయాడు. ఉద్యోగం సంగతీ మరిచిపోయాడు. కుక్కలూ లేవు, బండీ లేదు. వారం రోజులుగా తొలుస్తున్న ముడి ఒక్కసారిగా విడిపోయిన ఆనందంలో ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మూడో పలకా సార్! నేను రెండోదనుకున్నానే!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కమిషనరు గారి చూపు ఆకుపచ్చ సిరా మీదికి వెళ్లింది, రిజిస్టరు ముఖం మీదికొచ్చింది, తలుపు గడియ మీదికి వెళ్లింది. తర్వాత ఆయన నెమ్మదిగా బల్ల సొరుగు లాగి, దస్త్రాల కింది నుంచి ఫోను బయటికి తీశారు.

"పలక సంగతి నాకు తెలుసయ్యా," అన్నారు గొంతు తగ్గించి. ఆ గొంతులో బల్ల గుద్దిన కమిషనరు లేడు, నెలరోజులుగా ఓడిపోతున్న మనిషి ఉన్నాడు. "ఆ గబ్బిలం! దాన్నే తప్పించుకోలేకపోతున్నాను. ఎప్పుడొస్తుందో అంతు చిక్కడం లేదు."

"పదకొండు సెకన్లకోసారి సార్! కావాలంటే సమయాల గడి చూడండి, నలభై ఒక్కసార్లూ రాసిపెట్టాను!"

కమిషనరు గారు ఫారం లాక్కుని, వేలు పెట్టి లెక్కవేశారు. ముఖం విప్పారింది. "ఏమయ్యా రిజిస్టరూ! నా కొలువులో ఇంత పద్ధతైన మనిషి ఉన్నాడని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం?"

"తమరు కూడా ఎంత ఓపిగ్గా చదివారు సార్! ఆఫీసులో చదివింది తమరొక్కరే!"

"కుర్చీ లాక్కో. ఆ ముసలాడి సోది ఎంతసేపయ్యా అసలు? మీటైనా పెట్టలేదు వెధవలు!"

"అదే సార్ నేనూ అనేది! అప్‌డేటు సంగతి చూశారా? కత్తి పిడి..."

"రంగు మార్చాడు! నా విరామం మొత్తం తినేసి రంగు మార్చాడు!"

ఇరవై నిమిషాల తర్వాత తలుపు అవతల చెవి ఒగ్గి నిలబడ్డ హెడ్ గుమాస్తాకి లోపలి నుంచి పెద్ద కేక వినిపించింది. "దాటేశాం సార్! దాటేశాం!" రిజిస్టరుకి గట్టిగా చీవాట్లు పడుతున్నాయని ఆయన తృప్తిగా తలాడించాడు.

మరుసటి వారం సర్క్యులరు మరింత కఠినంగా వచ్చింది. గేముల తెగులును నిర్మూలించడానికి ప్రత్యేక నిఘా విభాగం ఏర్పాటైంది. దానికి అధికారి రిజిస్టరు. రోజూ మూడు నుంచి నాలుగు దాకా కమిషనరు గారి గదిలో తలుపులు మూసుకుని సమీక్ష. ఆ గంటసేపూ హెడ్ గుమాస్తా గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్లకు పెదవి మీద వేలు పెట్టి చూపించేవాడు. "ఉష్! లోపల తెగులు మీద యుద్ధం జరుగుతోంది." వేలాడే వంతెన దగ్గర ఆ వారం ఒక్క మరణమూ నమోదు కాలేదు గనక, ఇంజనీరు గారికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఆయన దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

కొత్త సర్క్యులరు కింద మొదట పట్టుబడ్డవాడు నీళ్ల ట్యాంకరు డ్రైవరు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. భోజనాల వేళ ట్యాంకరు నీడలో కూర్చుని ఫోనులో చదరంగం ఆడుతున్నాడని హెడ్ గుమాస్తా మూడింటి సమీక్ష వేళకి రెక్క పట్టి లాక్కొచ్చాడు.

"అన్నం తిన్నాక రెండు ఎత్తులు వేశానండీ, అంతే," అన్నాడు డ్రైవరు గుమ్మంలోంచి. "ఈ వయసులో కుక్కల వెంట పరుగెత్తలేనయ్యా. మోకాళ్లు..."

రిజిస్టరుకి తను వరండాలో నడిచిన ముప్ఫై అడుగులూ గుర్తొచ్చాయి. ఒక మాట చెబుదామని కమిషనరు గారి వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే ఆయన బల్ల చాటున వంగి, గుసగుసగా, "తొందరగా కానియ్యవయ్యా, రాతి తలుపు తెరుచుకుంటోంది!" అన్నారు.

ఉత్తర్వు రిజిస్టరే రాశాడు. కారణం గడిలో 'కార్యాలయ ఆవరణలో వీడియో గేము ఆడుట' అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, కాగితం ముందుకు జరిపాడు. కమిషనరు గారు తల ఎత్తకుండానే దాని మీద ఎడమచేత్తో సంతకం పెట్టారు. కుడిచేయి ఖాళీగా లేదు.