డెలివరీ డేటు

సెకండ్ హ్యాండు కారు కొంటున్నారా? కారు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు దానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి. కారైతే మిమ్మల్ని ఒక్క ఊరికే తీసుకెళ్తుంది. వారంటీ మూడు ఊళ్లు తిప్పుతుంది. పైగా పెట్రోలు తాగదు!

నవ్వకండి. నమ్మకం లేకపోతే తెనాలి బోసు రోడ్డు పక్క సందులో న్యూ డీలక్స్ టైలర్స్ కాలేషాని అడగండి. రెండు వేల ఆరు వేసవిలో వారంటీ పుణ్యమా అని ఆయనకి ఒనగూడిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. నాలుగు కిలోలు తగ్గాడు. తెనాలి నుంచి రేపల్లె దాకా ప్యాసింజరు ఆగే స్టేషన్ల పేర్లు కళ్లు మూసుకుని చెప్పగలడు. ముప్ఫై ఏళ్లు మిషను ముందు వంగిపోయిన నడుము, ఆఫీసుల్లో నిలబడి నిలబడి నిటారుగా అయింది. ఏ డాక్టరు చేయగలడండీ ఈ పని?

కాలేషా మంచి పనివాడు. ఆయన కత్తిరించిన జాకెట్టు ఒంటికి అతికినట్టుంటుందని చుట్టుపక్కల పేరు. కాకపోతే ఆ జాకెట్టు ఒంటి దాకా రావడమే కొంచెం ఆలస్యం. ఎప్పుడు వెళ్లినా, "అయిపోయిందండి, కాజాలొక్కటే మిగిలాయి. రేపు రండి" అంటాడు. ఎంత మర్యాదగా అంటాడంటే తిరిగొచ్చేవాళ్లే ఆయనకి థాంక్స్ చెప్పి వస్తారు. నా ప్యాంటు ఒకటి ఉగాది నుంచీ అక్కడే ఉంది. దానికీ కాజాలే మిగిలాయట.

అలాంటివాడికి కారెందుకు? భార్య కరీమాబీ కోసం. ఆమెకి మోకాళ్లు పట్టేశాయి. బస్సు మెట్టో రైలు మెట్టో ఎక్కాలంటే ఒకరు పై నుంచి లాగాలి, ఇంకొకరు కింద నుంచి నెట్టాలి. రేపల్లెలో ఉన్న కూతురు హుమేరాకి రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లోనే అయింది గానీ, ఈసారి డాక్టరమ్మ ప్రయాణాలు పనికిరావంది. డెలివరీ మే ఇరవైన అంది. "అమ్మా, నువ్వు పక్కన లేకపోతే నాకు భయమే" అని హుమేరా ఫోనులో ఏడ్చింది. ఆ రోజుకి పక్కనే ఉంటానని కరీమాబీ మాటిచ్చింది. ఆ మాట కోసమే కాలేషా ఆటో కన్సల్టెన్సీలో తెల్లటి పాత కారొకటి బేరమాడాడు. నడపడం వచ్చినవాడు అల్లుడి తమ్ముడున్నాడు, కబురు చేస్తే వచ్చి తీసుకెళ్తాడు. కావలసిందల్లా నడిచే కారు.

అమ్మినవాడు అజయ్ బాబు. వెన్నలాంటి మాట.

"బాబాయ్, కారు గురించి నేను చెప్పకూడదు. కారే చెబుద్ది. పైగా మా నిశ్చింత కంపెనీ వారంటీ. రెండేళ్లు బానెట్ ఎత్తే పనే లేదు."

అందులో ఒక్క అబద్ధం లేదు. నిజంగానే ఎత్తే పని లేదు, ఎత్తకూడదు కాబట్టి. బానెట్ అంచుకి తీగ చుట్టి ఎర్ర సీలు వేశారు. కంపెనీ మనిషి తప్ప ఇంకెవరు దాన్ని తెంచినా కారు మీదేనని చెప్పే సీ బుక్కు మీకిక దక్కదు. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ పుస్తకం కంపెనీ బీరువాలో భద్రంగా ఉంటుంది. ఈ సంగతంతా కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది. సూదిలో దారం ఎక్కించే కాలేషా కళ్లకి కూడా అది ఆనలేదంటే కంపెనీ వాళ్ల పనితనం మెచ్చుకోవాల్సిందే.

మూడో రోజున కారు ఇంటి ముందే ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. ఎదుటి షెడ్డు మెకానిక్కు యోబు వచ్చి బానెట్‌కి చెవి ఆనించి విన్నాడు.

"బ్యాటరీ వైరు లూజన్నా. స్పానరేసి బిగిస్తే రెండు నిమిషాలు."

కాలేషా సీలు వైపు చూశాడు. "వద్దులే యోబూ. వారంటీ ఉంది కదా."

చూశారా దాని మహిమ! రెండు నిమిషాల్లో అయిపోయే పనిని మూడు వారాల అనుభవంగా మార్చేసింది. కంపెనీకి ఫోను చేస్తే మెకానిక్కు రేపొస్తాడన్నారు. మర్నాడూ రేపే అన్నారు. నాలుగు ‘రేపు’లు గడిచాక కాలేషా ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ వారంటీ రద్దు చేసుకుంటే సీ బుక్కు చేతికొస్తుంది, సీలు పోతుంది, యోబు స్పానరు పట్టుకుంటాడు, కరీమాబీ రేపల్లె వెళ్తుంది. మే ఇరవైకి ఇంకా పదిహేను రోజులున్నాయి. ఆ మాత్రం చాలదా?

రద్దు చేసే ఆఫీసు బాపట్లలో, చెప్పుల షాపు మీద మేడ. ఆ సీట్లో ఉండేది స్వర్ణలత అనే అమ్మాయి. ఇక్కడ బయటి ఊళ్లవాళ్లకి ఒక్క మాట చెప్పాలి. మా వైపు కుదరదనే మాట ఎవరి నోటా రాదు. అది అమర్యాద. "అలాగేనండి" అన్నారంటే కష్టమని అర్థం. "తప్పకుండానండి" అన్నారంటే ఇంకా కష్టం. "మీరు నిశ్చింతగా వెళ్లండి" అన్నారంటే ఇక ఆశ వదులుకోవచ్చు. స్వర్ణలత మూడూ వరసగా అంది.

"డబ్బులు మీరే ఉంచుకోండమ్మా. నా సీ బుక్కు నాకిచ్చేయండి, చాలు" అన్నాడు కాలేషా.

"డబ్బులు వద్దనేవాళ్లకి ఫారం లేదండి. తిరిగిచ్చే ఫారమే ఉంది. ఇందులో రద్దుకి కారణం రాయండి."

కాలేషా నిజాయితీగా రాశాడు. ‘మే 20 డెలివరీ. కారు అవసరం.’ కొంప ముంచింది ఆ నిజాయితీయే. డెలివరీ అనే మాట కనబడగానే ఫైలు డెలివరీ సెక్షనుకి వెళ్లిపోయింది. ఆ సెక్షను రేపల్లెలో ఉంది. ఎందుకుందని అడగకండి, వాళ్లకీ తెలియదు.

కాలేషా బస్సెక్కి కర్లపాలెం మీదుగా రేపల్లె చేరాడు. సెక్షనులో శివరామయ్య గారని పెద్దాయన, ముక్కు చివర కళ్లద్దాలు. ఫైలంతా ఓపిగ్గా చదివాడు.

"మీకు కారు డెలివరీ అయిందండి. ఇదిగో మీ సంతకం."

"కారు కాదండి. మా అమ్మాయి డెలివరీ."

శివరామయ్య రిజిస్టరు మళ్లీ మొదటి నుంచి చూశాడు. "అమ్మాయి పేరు మీద బుకింగ్ లేదండి."

"బుకింగ్ కాదు సార్, కాన్పు. ఇరవయ్యో తారీఖున డాక్టరమ్మ ఇచ్చిన డేటు."

"అంటే డెలివరీ ఇంకా అవలేదంటారు."

"లేదండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండి" అని, ‘డెలివరీ జరగలేదని పార్టీ ఒప్పుకున్నారు, విచారించగలరు’ అని రాసి ఫైలుని తిరిగి బాపట్ల పంపాడు. ఇంత వేగం ఏ ఆఫీసులో చూస్తాం? కాలేషా అటునుంచి అటే కూతురింటికి వెళ్లాడు. హుమేరా గుమ్మంలోనే తండ్రి వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. "అమ్మేది నాన్నా?" అంది. "వచ్చేస్తుందమ్మా. కారు రెడీ అయిపోయినట్టే" అన్నాడు. ఆ మాట అంటూ కూతురి మొహం చూడలేక, చెప్పులు విప్పే పనిలో పడ్డాడు. వారంటీ లేని రోజుల్లో ఆయనకి అలా ఎప్పుడూ కాలేదు.

ఆ తర్వాత తెనాలి, బాపట్ల, రేపల్లె, మళ్లీ తెనాలి. టైలరు సుద్దబిళ్లకి ఉండే మూడు మూలల్లా ఆ మూడు ఊళ్ల చుట్టే తిరిగాడు. బాపట్లలో విచారణ కోసం హుమేరా డెలివరీ అయినట్టు రసీదు తెమ్మన్నారు. రేపల్లెలో అమ్మాయి ఏ మోడలని అడిగారు. ఇంటికొస్తే గుమ్మంలో కారు దుమ్ము కొట్టుకుని ఉండేది. దాని మీద కరీమాబీ ఒడియాలు ఎండబెట్టింది. వారంటీ లేని కారు మీద ఒడియాలు ఎండబెట్టగలరా మీరు? మధ్యలో ఎవరో ఒకరు కారు తీసుకుని ఎటో వెళ్లిపోరూ?

పదిహేడో తారీఖున కాలేషా బాపట్లలో స్వర్ణలత ముందు దాదాపు ఏడ్చినంత పని చేశాడు. ఆమె సొరుగులోంచి గులాబీ రంగు చీటీ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. న్యూ డీలక్స్ టైలర్స్, తెనాలి. జాకెట్లు నాలుగు. డెలివరీ డేటు, ఫిబ్రవరి 8.

"నన్ను గుర్తుపట్టలేదా మాస్టారూ? మా పుట్టిల్లు తెనాలేనండి. పదకొండు సార్లు వచ్చాను మీ కొట్టుకి. చివరికి మా తమ్ముడి పెళ్లిలో పాత జాకెట్టుతో నిలబడ్డాను. చర్చిలో తీసిన ఫొటోలన్నిటిలో మా వదినల వెనక దాక్కున్నాను."

కాలేషా చీటీ మీది తన చేతిరాత వైపే చూశాడు.

"మీ ఫైలూ అయిపోయిందండి" అంది స్వర్ణలత ఎంతో మర్యాదగా. "కాజాలొక్కటే మిగిలాయి. రేపు రండి."

ఆ మాటకి అసలు అర్థం తెలిసినవాడు లోకంలో ఒకడుంటే అది కాలేషాయే. గుడ్డ ఇంకా కత్తెర మొహం చూడలేదని అర్థం. సిగ్గుతో తల దించుకుని మెట్లు దిగాడు.

పద్దెనిమిది, పందొమ్మిది రెండు రోజులూ కొట్టు తలుపులు దగ్గరకేసి నాలుగు జాకెట్లు కుట్టాడు. పందొమ్మిదిన అన్నం పెడుతూ కరీమాబీ అడిగింది.

"రేపే ఇరవై. నేనెట్టా వెళ్లాలి? యోబు తన ట్రాలీ ఆటోలో మంచమేసి తీసుకెళ్తానంటున్నాడు."

"గుమ్మంలో కారు పెట్టుకుని ట్రాలీలో పోతావా? బజారంతా నవ్వుద్ది. రేపు మధ్యాహ్నానికల్లా సీ బుక్కుతో వచ్చేస్తా. కారులోనే వెళ్దువుగాని."

కరీమాబీ ఆయన పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వేసింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన గిరాకీలకి చెప్పే మాటలు పక్క గదిలోంచి వింటున్న మనిషి ఆమె.

ఇరవయ్యో తారీఖు పొద్దున్నే కాలేషా జాకెట్లు పొట్లం కట్టుకుని బాపట్ల వెళ్లాడు. స్వర్ణలత ఒక్కో కాజా వేలితో తడిమి చూసింది. నాలుగో జాకెట్టు మడత పెట్టి, ఫైలు తీసి రద్దు కాగితం మీద సంతకం చేసింది. "రేపల్లెలో స్టాంపు వేయించుకోండి. సీ బుక్కు వాళ్లే ఇస్తారు. ఈసారి నిజంగానేనండి" అంది. కాలేషా ఆమెకి దణ్ణం పెట్టి బస్టాండుకి పరిగెత్తాడు.

రేపల్లెలో శివరామయ్య లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. "కంగ్రాచ్యులేషన్స్ అండి. మా కంపెనీలో మొదటి క్యాన్సిలేషన్ మీదే. అంతా అయిపోయినట్టే. స్టాంపు ప్యాడే ఎండిపోయింది. కొత్తది తెప్పిస్తున్నాను. రేపు రండి."

ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారని కాలేషా అడిగాడు. తెనాలి నుంచట.

చేసేదేం లేక కూతుర్ని చేర్చిన ఆసుపత్రికి నడిచాడు. గేటు పక్కన యోబు ట్రాలీ ఆగి ఉంది. అందులో తమ ఇంటి నవారు మంచం, దాని మీద తమ ఇంటి దిండు. యోబు డ్రైవరు సీట్లో జాంగ్రీ తింటున్నాడు. "మనవరాలన్నా" అన్నాడు నోటినిండా నవ్వుతో.

లోపల హుమేరా అలిసిపోయి తల్లి చెయ్యి పట్టుకునే నిద్రపోతోంది. కరీమాబీ రెండో చేతిలో ఎర్రటి పసిగుడ్డు. కాలేషా గుమ్మంలోనే ఆగిపోయాడు. సంతోషం ముందొచ్చిందో సిగ్గు ముందొచ్చిందో ఆయనకే తెలియలేదు.

"కారేది?" అంది కరీమాబీ.

"అంతా అయిపోయింది. స్టాంపొక్కటే..." అని, తన మాట తనకే వినబడి, అక్కడే ఆగిపోయాడు.

కరీమాబీ కోప్పడలేదు. బిడ్డని జాగ్రత్తగా ఆయన చేతుల్లో పెట్టి, నిద్రపోతున్న కూతురి వైపు చూసింది.

"ఈ మూడు ఊళ్లలో చెప్పిన డేటుకి డెలివరీ ఇచ్చింది ఇదొక్కతే" అంది.