మూడు డేగిసాల ఉడుంపట్టు

శనివారం పొద్దున జాగా గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకు వెళ్లడం, ఆఫీసు విహారయాత్రకు వంటపాత్రలు కొనడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. అంతే.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. నీటి గొట్టాలు అమ్మే కంపెనీలో ఆయన స్టోర్ కీపరు. పెద్ద గొట్టంలో మధ్య గొట్టం, మధ్య గొట్టంలో చిన్న గొట్టం, చిన్న గొట్టంలో తన గొడుగు దూర్చి పెట్టే మనిషి. ఎక్కడైనా కాస్త ఖాళీ కనబడితే ఆయనకు ఊపిరాడదు. "జాగా వేస్టు!" అంటూ అందులో ఏదో ఒకటి కుక్కితే గానీ స్తిమితపడరు. పేరు అలా వచ్చింది.

పాత్రల బాధ్యత ఆయన మీద పడటానికి కారణం ఎకౌంటెంటు. పోయినేడు అతను మడత పిడుల సెట్టొకటి తెచ్చాడు. చూడటానికి ముచ్చటగా, మోయడానికి తేలికగా ఉంది. పొయ్యి మీద పెట్టగానే పిడులు కరిగాయి, అడుగు ఉబ్బింది. పైన బియ్యం బియ్యంగానే ఉండిపోయింది, కింద బొగ్గయింది. ఆఫీసు మొత్తం బిస్కెట్లు తిని ఇంటికొచ్చింది. మేనేజరు గారు ఊరుకోలేదు.

"ఈసారి కూడా వంట తగలబడిందంటే ఏటి ఒడ్డూ లేదు, ఏమీ లేదు. వచ్చే ఏడు నుంచి అందరం మీటింగ్ హాల్లో కూర్చుందాం. సమయపాలన మీద నేనే మాట్లాడతాను" అన్నారు.

ఆయన అదే విషయం మీద ఒకసారి మాట్లాడి ఉన్నారు. సాయంత్రం బస్సులన్నీ తప్పిపోయాయి. అందుకని ఆ బెదిరింపు వినగానే అందరూ హడలిపోయి పాత్రల పని జాగా గారికి అప్పగించారు. జాగా గారికైతే నిజంగానే దిగులేసింది. ఆయన స్టోరు గదికి కిటికీ లేదు. ఏడాదికొక రోజు ఏటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటేనే మిగతా ఏడాదంతా ఆ గదిలో కూర్చునే ఓపిక వచ్చేది. ఆ ఒక్క రోజూ పోతే ఎలా?

పాత్రల కొట్టులో ఆయన ప్రతి గిన్నెనూ వేలి కణుపులతో కొట్టి చూశారు, అంచును బొటనవేలితో నొక్కి చూశారు. కొట్టతను తళతళలాడే సెట్టొకటి ముందు పెట్టాడు.

"ఇది పదిమందికి వండే గిన్నె కాదయ్యా, పదిమందికి చూపించే గిన్నె. అదిగో, పై అరలో ఉన్నవి దించు" అన్నారు జాగా గారు.

పై అరలో దళసరి డేగిసాలు మూడున్నాయి. జాగా గారు మధ్యదాన్ని పెద్దదాంట్లో పెట్టారు. సర్రున దిగింది. చిన్నదాన్ని మధ్యదాంట్లో పెట్టారు. అదీ సర్రున దిగింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది.

"అవి సెట్టు కావండీ. ఒక్కోటి ఒక్కో కంపెనీది" అన్నాడు కొట్టతను.

"పెళ్లిళ్లు కూడా వేరే వేరే ఇళ్లవాళ్లకే చేస్తారయ్యా. కట్టు!"

సాయంత్రం ఆయన భార్య మూడింటినీ తోమి, తడి ఆరడానికి పెద్దదాన్ని పొయ్యి మీద పెట్టింది. అది దించీ దించగానే జాగా గారు పాత గుడ్డతో పట్టుకుని సర్దుడు మొదలుపెట్టారు.

"ఏమండీ, పెద్దది ఇంకా కాలుతోంది. చల్లారనివ్వండి!"

"వేడి మీద ఎంత హాయిగా దిగుతోందో చూడు. మూడూ విడివిడిగా పెడితే వంటిల్లంతా వాటికే సరిపోతుంది."

పెద్ద డేగిసా అడుగున చిన్న గ్యాసు పొయ్యి పెట్టారు. దాని మీదకు మధ్య డేగిసా దించారు. అందులో ఉప్పు, కారం, నూనె సీసా, కత్తి, అగ్గిపెట్టె. దాని మీద చిన్న డేగిసా. అందులో గరిటెలు. పైన మూత. ఎక్కడా వేలు దూరే సందు లేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, కట్టిన ఇంటిని చూసుకున్నట్టు చూసుకున్నారు.

"నన్ను కూడా అందులో పెట్టలేదు, అదే సంతోషం" అని ఆవిడ వెళ్లి పడుకుంది.

మర్నాడు వ్యాను ఏటి ఒడ్డుకు చేరింది. మేనేజరు గారు చెట్టు నీడన కుర్చీ వేయించుకున్నారు. జాగా గారు చొక్కా చేతులు పైకి మడిచి డేగిసా మూత తీశారు. గరిటెలు వచ్చాయి. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. చిన్నదాన్ని పట్టి లాగితే మూడూ కలిసి పైకి లేచాయి. వేడి మీద హాయిగా దిగిన పెద్ద డేగిసా చల్లారి, ముడుచుకుని, మిగతా రెండింటినీ ఉడుంపట్టు పట్టింది.

ఎకౌంటెంటు వచ్చి వంగి చూశాడు. పోయినేడు జాగా గారు తన మీద విసిరిన జోకులన్నీ అతనికి గుర్తొచ్చాయి. కానీ మీటింగ్ హాలు కూడా గుర్తొచ్చింది.

"కంగారు పడకండి. పెద్దదాన్ని కాస్త వేడి చేస్తే అదే వదులుతుంది. పొయ్యేదీ?"

"లోపలుంది."

"పోనీ, పుల్లలేరి మంట పెడదాం. అగ్గిపెట్టె?"

"అదీ లోపలే."

ఆ తర్వాత అగ్గిపెట్టె కోసం అందరినీ అడిగారు. మేనేజరు గారికి సిగరెట్లంటే పడదు కాబట్టి జేబులో అగ్గిపెట్టె ఉన్నవాళ్లు కూడా లేదన్నారు. వ్యాను డ్రైవరయితే "నేనెప్పుడో మానేశానండీ!" అని ఆ చివరిదాకా వినబడేలా అరిచాడు. ఆ తప్పు దిద్దుకోవడానికన్నట్టు ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి డేగిసాను ఠంగుఠంగుమని బాదడం మొదలుపెట్టాడు. దళసరి డేగిసా కదా, చొట్ట కూడా పడలేదు.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అన్నారు మేనేజరు గారు కుర్చీలోంచి.

"మసాలా దంచుతున్నారండీ!" అన్నాడు ఎకౌంటెంటు, నోటికొచ్చిందేదో అనేసి.

"మసాలా కూడానా! ఈసారి వంట ఘనంగానే ఉండేట్టుంది" అని మేనేజరు గారు సంబరపడిపోయి ఫోను తీశారు. ఫోనులో మాట్లాడినంతసేపూ లేచి నిలబడే ఉన్నారు. "పెద్దమ్మగారిని కూడా భోజనానికి పిలిచేశాను. బయల్దేరుతున్నారట!"

పెద్దమ్మగారంటే కంపెనీ యజమానురాలు. ఆవిడ ఎదుట మేనేజరు గారే గట్టిగా తుమ్మరు. జాగా గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. డేగిసాను మోసుకుని పొదల చాటుకు, ఏటి అంచుకు పరిగెత్తారు. అక్కడ డ్రైవరు పెద్దదాని చెవులు పట్టుకున్నాడు, జాగా గారు చిన్నదాని చెవులు పట్టుకున్నారు, ఎకౌంటెంటు జాగా గారి నడుం పట్టుకున్నాడు.

"ఒకటి... రెండు... లాగు!"

డేగిసాలు విడిపోలేదు, మనుషులే విడిపోయారు. డ్రైవరు ఇసకలో పడ్డాడు. మిగతా ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో పడ్డారు. చేతుల్లోంచి జారిన డేగిసా రెండుసార్లు గిరగిరా తిరిగి, పడవలాగా తేలుతూ ప్రవాహంతోపాటు బయల్దేరింది.

"పొయ్యి పోతోంది!" అని కేక పెట్టి జాగా గారు దాని వెనక పడ్డారు. ఆయన వెనక ఎకౌంటెంటు. ఒడ్డున కూరగాయలు ముందేసుకుని కత్తి కోసం చూస్తున్నవాళ్లకు ఏం జరిగిందో తెలియదు గానీ, పోతున్నది భోజనమని మాత్రం అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు నీళ్లలోకి దూకారు. దాన్ని పట్టుకోబోతే అది తప్పించుకుంటోంది. పట్టుకున్నవాడిని వెనకవాడు గుద్దుకుంటున్నాడు. మేనేజరు గారు ఒడ్డు వెంబడి పరిగెడుతూ "ఏమిటిది? ఎవరు చెప్పారు మీకు? ఏమిటిది?" అని అరుస్తున్నారు.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మగారి కారు వచ్చి ఆగింది.

ఆవిడ దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూశారు. జాగా గారు డేగిసాను కౌగిలించుకుని నీళ్లోడుతూ ఒడ్డెక్కి, ఆవిడ ఎదుట తలొంచుకుని నిలబడ్డారు. తన ఏరు ఇక తనకు లేదనే అనుకున్నారు.

"నువ్వే గెలిచావా? బాగా పరిగెత్తావయ్యా!" అన్నారు పెద్దమ్మగారు. "మా మేనేజరుకు ఇంత సరదా ఉందని నాకు తెలియనే తెలియదు."

మేనేజరు గారు నోరు తెరిచారు. పొగడ్త తనదేనని అర్థమై మూసేశారు.

"కార్లో పళ్లరసం సీసాలున్నాయి, వేడెక్కిపోయాయి. ఆ గిన్నెను దొర్లకుండా ఇసకలో పాతి, చల్లటి నీళ్లు పోసి అందులో వేయండి" అన్నారావిడ.

అది వంట గిన్నె అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంది? మిట్టమధ్యాహ్నపు ఇసక కాలిపోతోంది. డేగిసాను మెడదాకా పాతి, ఏటి నీళ్లు పోసి, సీసాలు దించారు. కాసేపటికి పెద్దమ్మగారు "నీడలోకి జరపండి" అన్నారు. జాగా గారు అలవాటు కొద్దీ చిన్నదాని చెవులే పట్టుకుని లేపారు. టప్పుమని చప్పుడైంది. ఆయన వెల్లకిలా పడ్డారు. పొట్ట మీద రెండు డేగిసాలు, ఒళ్లంతా నీళ్లు, చుట్టూ సీసాలు. పెద్ద డేగిసా ఇసకలోనే ఉండిపోయింది. దాని అడుగున పొయ్యి పెళ్లికూతురులా కూర్చుని ఉంది. చల్లబడ్డ మధ్యదీ చిన్నదీ ఒక్క గుద్దుకే విడిపోయాయి.

"లోపల పొయ్యి దాచారేమిటి?" అన్నారు పెద్దమ్మగారు.

"గిన్నె దొరికితేనే వంటండీ. అదే ఆట" అన్నాడు ఎకౌంటెంటు తడి చొక్కా పిండుకుంటూ. జాగా గారు అతని వంక చూసిన చూపులో పోయినేటి జోకులన్నిటికీ క్షమాపణ ఉంది.

ఆ తర్వాత వంటకు ఎంతోసేపు పట్టలేదు. బియ్యం, కూరగాయలు కలిపి పెద్ద డేగిసాలో వండారు. ఎక్కడా అడుగంటలేదు. అందరికీ నీళ్లలో పరిగెత్తిన ఆకలి కాబట్టి గిన్నె గీకినా మెతుకు మిగల్లేదు. పెద్దమ్మగారు రెండోసారి వడ్డించుకున్నారు. జాగా గారు ఏటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని, పక్కన ఎకౌంటెంటును కూర్చోబెట్టుకుని, చాలా హాయిగా ఉన్నారు.

చేతులు కడుక్కున్నాక మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "వచ్చే ఏడు హాల్లో సమయపాలన మీద చిన్న ఉపన్యాసం..."

"ఎందుకు? ప్రతి ఏడూ ఇక్కడికే, ఇదే ఆట" అన్నారు పెద్దమ్మగారు. "గిన్నెలు మాత్రం ఇలాగే ఇరుక్కుని రావాలి సుమా. వచ్చేసరికి ఊడిపోయి ఉంటే ఆటేముంది? అప్పుడు కావాలంటే మీ ఉపన్యాసం పెట్టుకోండి."

ఆ మర్నాటి నుంచి జాగా గారు రోజూ సాయంత్రం పెద్ద డేగిసాను కాల్చి, మిగతా రెండింటినీ అందులోకి ఒళ్లంతా బలం పెట్టి దించుతున్నారు. పొద్దున్నే చూస్తే అవి చిటికెన వేలితో లాగినా ఊడి వచ్చేస్తున్నాయి.