రాబందు రత్తమ్మ సంస్థ అభివృద్ధి చెందిన వైనం

ఒక పెద్ద అడవిలో వాగు నీళ్లు ఎప్పుడూ తేటగా ఉండేవి. కారణం రాబందు రత్తమ్మ. ఎక్కడ ఏ జంతువు చచ్చినా తన వాళ్లతో వచ్చి వాలేది. కుళ్లడానికి ఏమీ మిగిల్చేది కాదు. ఆవిడ కడుపు నిండేది, అడవి బతికేది. అదొక వ్యాపారమని ఎవరికీ తోచలేదు.

నగరం అంచుల్లో ఏళ్ల తరబడి తిరిగొచ్చిన నక్కకు తోచింది.

"పిన్నీ, నువ్వు చేసేది మామూలు పని కాదు. సుస్థిర వ్యాపారం. వ్యర్థం నుంచి సంపద. స్థానికుల చేత, స్థానికుల కొరకు."

"ఆకలేసి తింటున్నాను నాయనా," అంది రత్తమ్మ.

"అదే మన మూలధనం."

పులి రిబ్బను కొరికి సంస్థను ప్రారంభించింది. నక్క మేనేజరయింది. దుప్పులు అందరికంటే గట్టిగా జేజేలు పలికాయి. స్థానిక సంస్థ అంటే వాటికి మహా అభిమానం.

ఏడాది తిరిగేసరికి నక్క మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పిన్నీ, మనం నష్టాల్లో ఉన్నాం. శవాలు తగ్గాయి."

"నీళ్లు బాగుంటే చావులు తగ్గవూ?"

"అదే కొంప ముంచింది. పని మరీ బాగా చేశావు."

"పక్క అడవిలో చచ్చినవాటిని తిని రానా?"

"పరాయి సరుకా? సిగ్గుచేటు. స్థానిక శవానికే మన ప్రోత్సాహం."

మర్నాటి నుంచి సరుకు పెరిగింది. అన్నీ దుప్పులే. ఒకరోజు రత్తమ్మ ముక్కు ఆనించి ఆగిపోయింది. దుప్పి ఒళ్లింకా వెచ్చగా ఉంది.

"ఈ లేతది ఎలా పోయిందిరా?"

"అకాల వృద్ధాప్యం, పిన్నీ."

"మెడ మీద పులి కోరల గాట్లున్నాయి."

"ఇదివరకు దొర ఆకలికి చంపేవాడు. ఇప్పుడు సమాజసేవకు చంపుతున్నాడు. తేడా చూడాలి."

"నేను తినను."

"తినకపోతే కుళ్లుతుంది. కుళ్లితే వాగు పాడవుతుంది. నీకు సమాజం పట్ల ఏమాత్రం బాధ్యత లేదా?"

రత్తమ్మ వాగు వైపు ఒకసారి చూసి తిన్నది.

ఆ సాయంత్రమే వెళ్లి దుప్పుల మంద మధ్య వాలింది.

"ఇంకా బతికే ఉన్నాం కదత్తా, అప్పుడే వచ్చావేం?" అంది ముసలి దుప్పి.

"బతికున్నారనే వచ్చాను. కొండ దాటి వెళ్లిపోండి."

"మన సంస్థను వదిలేసి ఎలా పోతాం?"

"దాని ముడిసరుకు మీరేనే తల్లీ."

దుప్పులు అరిచి గోల చేయలేదు. పిల్లల్ని ముందు నడిపించుకుని కొండ దాటాయి.

తెల్లారి పులి వచ్చింది. "సరుకేదీ?"

"కొరత వచ్చింది దొరా. పక్క అడవి నుంచి తెప్పిద్దాం," అంది నక్క.

"పరాయి సరుకు సిగ్గుచేటన్నది నువ్వే."

నక్క చుట్టూ చూసింది. కోతులు చెట్లెక్కాయి. రత్తమ్మ కొమ్మ మీద ఉంది. నేల మీద తానొక్కటే.

"దొరా, నేను నగరం నుంచి వచ్చినవాణ్ణి. స్థానికుణ్ణి కాను."

"ఆ నిబంధన ఇప్పుడే సడలించాం," అంది పులి.

నక్క పని అయిపోయాక రత్తమ్మ దిగింది. సంస్థ అదే రోజు మూతపడింది, లాభాల్లో.

నీతి: లోకానికి మేలు చేసే పని ఎక్కడైనా కనిపిస్తే, దయచేసి దాన్ని అభివృద్ధి చేయకండి.